బచ్చా మర్చిపోడు

మా చెల్లె కూతురి ఘర్‌వాలా రియాద్‌లో డ్రైవర్ పని చేస్తాడు. రెండేళ్ల తర్వాత మొన్న 45 రోజుల ఛుట్టీ మీద వచ్చాడు. పోయినప్పుడు కొడుక్కి ఐదు నెలలు. ఇప్పుడు వాడు బాగా ఉరుకుతున్నాడు, మాటలు నేర్చాడు. శంషాబాద్‌లో దిగి నేరుగా రేగోడ్‌కి వచ్చాడు మా దామాద్. ఇంటినిండా రిష్తేదార్లు. తలుపు దగ్గరే చేతులు చాపి "బేటా, ఆజా, అబ్బా ఆయే" అన్నాడు.

పిల్లాడు తల్లి దుపట్టా వెనక్కి పోయాడు. లాగి ముందుకు తెస్తే గొంతు చించుకుని ఏడ్చాడు. ఎవరో సముదాయిస్తూ "వో తేరే అబ్బా హై రే" అన్నారు. వాడు ఏడుస్తూనే పోయి తల్లి ఫోన్ పట్టుకొచ్చి, దాన్ని అందరికీ చూపిస్తూ "అబ్బా ఇస్మే" అన్నాడు. అబ్బా దీంట్లో ఉన్నాడు, ఈయనెవరు అని.

అందరూ నవ్వారు. మా దామాద్ కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు ఎంతసేపు నిలబడలేదు. సాయంత్రానికి ఇంట్లో మాట మారింది. "వీడికి తమీజ్ లేదు", "తల్లి నేర్పలేదు", "రెండు తగిలిస్తే సలాం చేస్తాడు." ఒక పెద్దాయన మాత్రం ధైర్యం చెప్పాడు: "బచ్చా హై మియా, భూల్ జాతా."

ఈ మాట మన ఘరానాల్లో ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. పిల్లాడు పడితే ఇదే మాట. కొడితే ఇదే మాట. తల్లి చనిపోతే కూడా ఇదే మాట. బచ్చా హై, భూల్ జాతా. దీని మీదే నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. ఎందుకంటే నేను మర్చిపోలేదు. నాకు గుర్తు లేదు, అయినా మర్చిపోలేదు. ఈ రెంటికీ ఫరఖ్ ఉంది.

నాకు రెండేళ్లప్పుడు మా చెల్లె పుట్టింది. కాన్పు తర్వాత అమ్మీకి జబ్బు చేసింది. చాన్నాళ్లు మంచం దిగలేదు. అబ్బా కుట్టు మిషన్ మీద కూర్చుంటేనే పొయ్యి వెలిగే ఇల్లు మాది. నన్ను బీదర్ వైపు ఊళ్లో ఉన్న నానీ దగ్గరికి పంపారు. ఏడాదిన్నర అక్కడే ఉన్నాను. తిరిగి వచ్చినప్పుడు నేను ఏడవలేదట. అమ్మీ చేతులు చాపితే పోయి నిలబడి సలాం చేశానట. "ఆప్ కైసే హై?" అని అడిగానట. దక్కనీ ఇంట్లో మూడున్నరేళ్ల పిల్లాడు తల్లిని 'ఆప్' అంటాడా? 'తూ' అంటాడు, లేకపోతే 'తుమ్'. కానీ నేను ఆప్ అన్నాను. మొహల్లా అంతా తారీఫ్ చేసింది. "ఎంత తమీజ్‌దార్ బచ్చా! నానీ ఎంత మంచి తర్బియత్ ఇచ్చింది!" అమ్మీ ఒక్కతే ఆ రోజు అన్నం తినలేదట. ఈ సంగతి చానా ఏళ్ల తర్వాత ఖాలా చెప్పింది.

ఇప్పుడు నాకు 50కి దగ్గర. అమ్మీని ఇంకా ఆప్ అనే పిలుస్తాను.

నలభై దాటాక, నా కొడుకు ఏడిస్తే నాకు జాలికి బదులు గుస్సా ఎందుకొస్తోందో తెలుసుకోవాలని కొన్ని కితాబులు చదివాను. అక్కడ జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన కనిపించాడు. 1952లో లండన్‌లో ఆయన ఒక ఫిల్మ్ తీశాడు. రెండేళ్ల పిల్ల చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంటుంది. ఆ రోజుల్లో తల్లిదండ్రుల్ని ఎక్కువ రానిచ్చేవారు కాదు. పిల్ల పెద్దగా గోల చేయదు. అప్పుడప్పుడు మొహం మాత్రం ముడుచుకుంటుంది. రాబర్ట్‌సన్, ఆయనతో పనిచేసిన జాన్ బౌల్బీ ఇలాంటి పిల్లల్ని చానామందిని చూసి ఒక సంగతి పట్టుకున్నారు. తల్లి నుంచి విడిపోయిన పసివాడు ముందు ఏడుస్తాడు, తన్నుకుంటాడు, తలుపు వైపే చూస్తాడు. తర్వాత నిరాశ. తిండి మీద ధ్యాస పోతుంది, మూల కూర్చుంటాడు. మూడో దశలో చక్కగా ఆడుతాడు, తింటాడు, అందరితో నవ్వుతాడు. తల్లి వస్తే మాత్రం పరాయిదాన్ని చూసినట్టు చూస్తాడు. నర్సులు దీన్ని 'కుదురుకున్నాడు' అనుకునేవారు. కుదురుకోవడం కాదది, పిల్లాడు తన దిల్‌కి తాళం వేసుకోవడం అన్నారు వీళ్లిద్దరూ.

మొదట్లో డాక్టర్లకు ఆ ఫిల్మ్ నచ్చలేదు. తమ మీద ఇల్జామ్ అనుకున్నారు. కానీ 1959లో బ్రిటన్‌లో ప్లాట్ కమిటీ, ఆసుపత్రిలో ఉన్న పిల్లల దగ్గరికి తల్లిదండ్రులు ఎప్పుడైనా రావచ్చనీ, చిన్నపిల్లలతో తల్లి ఉండే ఏర్పాటు చేయాలనీ సిఫారసు చేసింది.

బౌల్బీ దగ్గర కొంతకాలం పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ ముందు ఉగాండా పల్లెల్లో, తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో తల్లుల్ని, పిల్లల్ని చూసింది. ఏడాది దాటిన పిల్లాణ్ని తల్లితో ఒక గదిలో కూర్చోబెట్టి, తల్లి కాసేపు బయటికి పోయి మళ్లీ వచ్చినప్పుడు వాడేం చేస్తాడో గమనించింది. కొందరు ఏడ్చి, తల్లి రాగానే చంకెక్కి, రెండు నిమిషాల్లో మళ్లీ ఆటలో పడతారు. వీళ్లకు తల్లి మీద భరోసా ఉంది. కొందరు తల్లి ఎత్తుకున్నా ఊరుకోరు, ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో కొడతారు. ఇంకొందరు తల్లి పోయినా రాయినట్టు ఉంటారు, వచ్చినా పట్టించుకోరు. చూసేవాళ్లకు 'ఎంత బుద్ధిమంతుడు' అనిపిస్తుంది. తర్వాత పరిశోధకులు ఇలాంటి పిల్లల గుండె వేగం కొలిచి చూస్తే, బయటికి శాంతంగా ఉన్నా లోపల గుండె దడదడలాడుతూనే ఉంది.

అది చదివిన రోజు కితాబు మూసి చాలాసేపు కూర్చున్నాను. మొహల్లా తారీఫ్ చేసిన ఆ తమీజ్‌దార్ బచ్చా ఎవరో నాకు అర్థమైంది.

అయితే ఈ కథలో ఇంకో సగం ఉంది. నన్ను ఒక్కసారి కాదు, రెండుసార్లు విడదీశారు. మొదటిసారి అమ్మీ దగ్గర్నుంచి. ఏడాదిన్నర తర్వాత నానీ దగ్గర్నుంచి. మొదటిదాన్ని అందరూ గుర్తుపెట్టుకున్నారు, 'పాపం' అన్నారు. రెండోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఎందుకంటే నేను 'ఇంటికి' వచ్చాను కదా! కానీ ఆ ఏడాదిన్నరలో నానీయే నాకు ఇల్లు. ఆమె పక్కలో పడుకున్నాను, ఆమె చేతి జొన్నరొట్టె తిన్నాను. ఒక పొద్దున బస్సెక్కించి తెచ్చేశారు. మన పెద్దలు ఖూన్ కా రిష్తా మాత్రమే చూస్తారు. పసివాడు చూసేది వేరు. తను ఏడిస్తే రాత్రి ఎవరు లేచారు, ఎవరి వాసన పక్కన ఉంది అనేదే వాడికి రిష్తా. బౌల్బీని చిన్నప్పుడు పెంచింది ఒక ఆయా. ఆయనకు నాలుగేళ్లప్పుడు ఆమె వెళ్లిపోయింది. తల్లిని పోగొట్టుకున్నంత దుఃఖంగా ఆయన దాన్ని గుర్తుచేసుకున్నాడు.

మన సీరత్‌లో కూడా ఇది ఉంది కదా. హలీమా సాదియా ప్రవక్తకు కన్నతల్లి కాదు, పాలిచ్చిన తల్లి. ఏళ్లు గడిచాక ఆమె వస్తే లేచి తన చాదర్ పరిచి కూర్చోబెట్టారని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. కడుపులో ఉండగానే తండ్రి పోయి, ఆరేళ్లకు తల్లి పోయి, ఎనిమిదేళ్లకు దాదా పోయి, చివరికి చాచా అబూ తాలిబ్ ఇంట్లో పెరిగిన యతీమ్ ఆయన. ఒక చెయ్యి పోతే ఇంకో చెయ్యి పట్టుకుంది. ఆ చేతులు ముహబ్బత్ ఉన్న చేతులు. యతీమ్‌ల గురించి మన దీన్‌లో అంత గట్టిగా ఎందుకు చెప్పారో నాకు ఇక్కడ అర్థమవుతుంది.

ఇక నానీ గురించి చెప్పాలి. నానీ నన్ను ప్రాణంగా చూసింది, అందులో షక్ లేదు. కానీ రాత్రి ఏడిస్తే మాత్రం నా నోటి మీద చెయ్యి పెట్టేది. కొట్టేది కాదు, తిట్టేది కాదు. చెయ్యి పెట్టి "ష్... ఆవాజ్ నక్కో" అనేది. మగ్రిబ్ తర్వాత తలుపు గడియ మూడుసార్లు చూసేది. మా మామూల పిల్లలందరికీ ఆ చెయ్యి తెలుసు. నానీ ఆదత్ అంతే అనుకున్నాం.

చనిపోయే ముందు ఏడాది, నానీ ఒకే ఒక్కసారి చెప్పింది. 1948లో ఆమెకు ఐదేళ్లు. సెప్టెంబర్ నెల, జొన్నచేలు మనిషి ఎత్తు ఉన్నాయి. ఊళ్లో గొడవ అని తల్లి పిల్లల్ని తీసుకుని చేలోకి పోయింది. చంకలో ఎనిమిది నెలల తమ్ముడు. వాడు ఏడవబోతే తల్లి వాడి నోటి మీద చెయ్యి పెట్టింది. రాత్రంతా అలాగే పెట్టి కూర్చుంది. తమ్ముడు బతికాడు. తండ్రి తిరిగి రాలేదు. నానీ ఇంతే చెప్పింది. తర్వాత "జానే దో, పురానీ బాత్" అని పక్కకు తిరిగి పడుకుంది.

పోలీస్ యాక్షన్ సెప్టెంబర్ 13న మొదలై ఐదు రోజుల్లో ముగిసిందని స్కూలు పుస్తకాల్లో ఉంటుంది. తర్వాత జరిగిన ఖత్లేఆమ్‌ను చూసి రమ్మని పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్‌ల బృందం ఆ ఏడాది చివర్లో జిల్లాలు తిరిగింది. మొత్తం మీద 27 వేల నుంచి 40 వేల మంది దాకా ప్రాణాలు పోయాయని అంచనా వేసింది. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. తర్వాతి నాలుగు జిల్లాల్లో మన మెదక్ పేరు కూడా ఉంది. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు జనం కంటపడలేదు. దానికి ముందు రజాకార్ల జుల్ముకు ఎన్నో హిందూ పల్లెలు కాలాయి. ఆ ఇళ్లల్లోనూ పిల్లల నోళ్ల మీద తల్లుల చేతులు పడే ఉంటాయి. రిపోర్టుల్లో చనిపోయినవాళ్ల లెక్కలుంటాయి. ఆ రాత్రి జొన్నచేలో నోరు మూయించుకుని బతికిన పిల్లల లెక్క ఎక్కడా ఉండదు. వాళ్లే పెరిగి పెద్దయి మన దాదీలు, నానీలు, దాదాలు అయ్యారు. మనల్ని పెంచింది వాళ్లే.

ఇప్పుడు వరస చూడండి. 1948లో ఒక తల్లి బిడ్డ నోరు మూసింది, ప్రాణం కాపాడటానికి. 1978లో ఆ తల్లి కూతురు నా నోరు మూసింది. బయట ఏ గొడవా లేదు, కానీ ఆమె చేతికి ఆ సంగతి తెలియదు. నా కొడుకు ఏడిస్తే నేను "చుప్!" అని అరిచాను. ఎందుకు అరుస్తున్నానో నాకూ తెలియదు. ఖౌఫ్ జాయదాద్‌లాగా చేతులు మారింది. ఏ కాగితం మీదా రాయకుండానే.

అమెరికాలో ఫెలిట్టి, ఆండా అనే ఇద్దరు డాక్టర్లు 17 వేల మందికి పైగా పెద్దవాళ్లను బచ్‌పన్ గురించి అడిగారు. ఇంట్లో దెబ్బలు, తల్లి మీద దౌర్జన్యం, తాగుడు, తల్లిదండ్రుల విడాకులు, ఇలాంటివి. 1998లో వాళ్ల తొలి ఫలితాలు వచ్చాయి. చిన్నప్పుడు ఇలాంటివి ఎన్ని ఎక్కువైతే పెద్దయ్యాక దిగులు, మద్యం, చివరికి గుండెజబ్బు కూడా అంత ఎక్కువ. ఇందులో జాదూ ఏమీ లేదు. పసివాడు భయపడితే శరీరం ప్రమాదానికి సిద్ధమవుతుంది. గుండె వేగం, రక్తంలో రసాయనాలు పెరుగుతాయి. ఎవరైనా ఎత్తుకుని గుండెకు హత్తుకుంటే దిగిపోతాయి. ఎవరూ ఎత్తుకోకపోతే, రోజూ అలాగే జరిగితే, పెరుగుతున్న మెదడు 'దునియా అంటే ఇదే' అని దానికి తగ్గట్టే తయారవుతుంది. మాటలు రాకముందు నేర్చుకున్న పాఠం ఇది. అందుకే అన్నాను, గుర్తు లేకపోవడం వేరు, మర్చిపోవడం వేరు.

జంగ్, ఫసాద్ లాంటి పెద్ద సంగతులు పక్కన పెడదాం. మన ఇళ్లల్లో రోజూ జరిగే చిన్నచిన్న జుల్ముల మాటేమిటి?

"నువ్వు మా బిడ్డవి కాదు, తవుడిచ్చి కొన్నాం" అంటాం. పెద్దవాళ్లకు అది మజాక్. మూడేళ్ల పిల్లకు రాత్రి నిద్ర పట్టదు. "తినకపోతే పోలీసుకిచ్చేస్తా", "అమ్మీ నిన్నిడిచి పోతది" అంటాం. కొత్తగా చెల్లె పుడితే "ఇక నీ పని ఖతమ్" అని నవ్వుతాం. ఖత్నా సంగతి చూడండి. అది మన సున్నత్, దాని మీద నాకు బహస్ లేదు. కానీ ఐదారేళ్ల పిల్లాడికి కొత్త బట్టలు వేసి, పూలదండ వేసి, మిఠాయి అని చెప్పి, నలుగురు పట్టుకుని కాళ్లు వంచడం ఏ సున్నత్? నొప్పి వారంలో పోతుంది. ధోకా చేసింది అబ్బా, మామూ అన్న సంగతి పోదు. పసితనంలోనే డాక్టర్ దగ్గర చేయించవచ్చు. పెద్దయ్యాక చేయిస్తే ముందు రోజే కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పవచ్చు.

ఇక చదువు. "హడ్డీ హమారీ, చమ్డీ ఆప్ కీ" అని ఉస్తాద్‌కి పిల్లాణ్ని అప్పజెప్పే రివాజ్ ఒకటి మనకుంది. ఎముకలు మావి, చర్మం మీది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో దెబ్బలనే కాదు, మనసును వేధించడాన్ని కూడా నిషేధించింది. కానూన్ సంగతి తర్వాత. పదేళ్లు సేవ చేసిన అనస్‌ను ఒక్కసారి కూడా 'ఉఫ్' అనని ప్రవక్త ఉమ్మత్‌మని చెప్పుకునే మనకు ఆ కట్టె ఎక్కడిది? పది మంది పిల్లలుండి ఒక్కణ్నీ ముద్దు పెట్టుకోలేదని గొప్పగా చెప్పుకున్న సర్దార్‌కు ఆయన ఏం జవాబిచ్చారో మనకందరికీ తెలుసు. వాజ్‌లలో వింటాం. ఇంటికొచ్చి బెల్టు తీస్తాం.

ఇక్కడ నన్ను చాలామంది ఆపుతారు. "భాయ్, ఇవన్నీ పైసలున్నోళ్ల మాటలు. కడుపు నింపాలా, గోద్‌లో కూర్చోబెట్టుకోవాలా?" నిజమే. అందుకే తల్లుల మీద ఇల్జామ్ వేయడం నాకు నచ్చదు. ప్రసూతి సెలవు 26 వారాలని 2017లో చట్టం మార్చారు. మా రేగోడ్ చేలల్లో పత్తి ఏరే తల్లికి ఆ 26 వారాలు ఎవరిస్తారు? నారాయణఖేడ్ వైపు తండాల నుంచి చెరుకు కోతకు పోయే కుటుంబాలు పసివాళ్లను ఎడ్లబండి నీడనైనా పడుకోబెట్టుకోవాలి, ముసలమ్మ దగ్గరైనా వదిలిపోవాలి. మా దామాద్ లాంటి డ్రైవర్‌కి ఫ్యామిలీ వీసా దొరకడమే ముష్కిల్. దొరికినవాళ్లకు కూడా 2017 జూలై నుంచి సౌదీ హుకూమత్ ఒక్కొక్క కుటుంబ సభ్యుడికి నెలకు 100 రియాళ్ల ఫీజు పెట్టింది. ఏటా 100 పెంచుకుంటూ 2020కి 400 చేసింది. భార్యా, ఒక బిడ్డా ఉంటే నెలకు 800 రియాళ్లు. అప్పుడు ఎంతోమంది బీవీ బచ్చోంను హైదరాబాద్ పంపేసి ఒంటరిగా ఉండిపోయారు. ఆ 400 రియాళ్ల హిసాబ్‌లో పిల్లలు పోగొట్టుకున్నది ఏ ఖాతాలో రాశారు?

గరీబీ పిల్లల్ని ఎంత దూరం విసిరేస్తుందో మన తెలుగు నేల మీదే చూశాం. 1999లో, మళ్లీ 2001లో, నల్లగొండ, మరికొన్ని జిల్లాల లంబాడీ తండాల నుంచి ఆడశిశువులను కొని హైదరాబాద్ దత్తత సంస్థల ద్వారా విదేశాలకు పంపే ధంధా బయటపడింది. రోజుల పిల్లలు తల్లి ఒడి నుంచి దలాల్ చేతికి, అక్కడి నుంచి ఊయలల వరసల్లోకి పోయారు. పోలీసులు కాపాడి శిశువిహార్‌లో పెట్టారు. పాలు దొరికాయి. కానీ ఒకే చెయ్యి రోజూ ఎత్తుకునే భాగ్యం ఎంతమందికి దొరికి ఉంటుంది?

పాలు చాలవు అనడానికి సబూత్ రుమేనియాలో దొరికింది. 1989లో చౌషెస్కూ పడిపోయినప్పుడు అక్కడి అనాథాశ్రమాల్లో వేలకు వేల పిల్లలు. కడుపుకు ఏదో ఒకటి పడుతోంది, ఎత్తుకునేవాళ్లు లేరు. 2000లో బుఖారెస్ట్‌లో ఒక పరిశోధన మొదలైంది. 136 మంది పసివాళ్లలో సగం మందిని మంచి పెంపుడు కుటుంబాలకు ఇచ్చి ఏళ్ల తరబడి గమనించారు. కుటుంబాల్లోకి పోయిన పిల్లలు బాగా కోలుకున్నారు. రెండేళ్లు నిండకముందే పోయినవాళ్లు, తర్వాత పోయినవాళ్లకంటే ఇంకా బాగా కోలుకున్నారు. ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, ఆలస్యం చేస్తే నష్టం. రెండు, కోలుకునే దారి ఉంది. తక్దీర్ అని చేతులు దులుపుకోవడానికి లేదు.

కాబట్టి గల్ఫ్ పోవద్దు, పనికి పోవద్దు అని నేననడం లేదు. పోవాల్సి వస్తే ఎలా పోవాలి, ఎలా రావాలి అన్నదే నా మాట. బిడ్డ పాలు మాన్పించే విషయంలో కూడా తల్లీ తండ్రీ ఇద్దరూ రజామందీతో, మష్వరాతో తేల్చుకోవాలని ఖురాన్ చెప్పింది. అంత చిన్న సంగతికే మష్వరా కావాలంటే, బిడ్డను ఏడాది, రెండేళ్లు వదిలిపోయే సంగతికి ఎంత కావాలి?

పసివాణ్ని వదలాల్సి వస్తే ఒక్కరి దగ్గరే వదలండి. ఒక నెల నానీ, ఒక నెల ఫుప్పు, ఒక నెల చాచీ అని బంతిలా విసరకండి. తల్లి వాడిన పాత దుపట్టా పక్కలో ఉంచండి. తిరిగి తీసుకుపోయేటప్పుడు పెంచినవాళ్లను ఒక్కసారిగా తెంచకండి. వాళ్లు కూడా వచ్చి నాలుగు రోజులుండాలి, తర్వాత కూడా వస్తూపోతూ ఉండాలి. పిల్లాడు తల్లి మీద కోపంగా ఉంటే శుక్ర్ చేయండి, ఇంకా తాళం పడలేదని అర్థం. దాయీలు, అంగన్‌వాడీ టీచర్లు, మసీదుల్లో పెద్దలు ఈ మాట చెబితే ఇంకా మంచిది. చేయి దాటిపోయిందనిపిస్తే టెలిమానస్ 14416కి ఫోన్ చేయవచ్చు, పైసలు పడవు. పిల్లల మీద జుల్ము జరుగుతోందని తెలిస్తే 1098.

ఇంకోటి. దీన్ని చదివి ఏ తల్లీ 'నేను చెడగొట్టానే' అని దిల్ చిన్నబుచ్చుకోవద్దు. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే పరిశోధకుడు తల్లీబిడ్డల్ని దగ్గర నుంచి చూసి చెప్పిందేమంటే, మంచి తల్లులు కూడా ఎక్కువసేపు బిడ్డతో తాళం తప్పుతూనే ఉంటారు. తప్పాక మళ్లీ కలుపుకుంటారు. బిడ్డ నేర్చుకునేది ఆ కలుపుకోవడం నుంచే. గుస్సాలో అరిచారా, పది నిమిషాల తర్వాత పోయి "అమ్మీ తప్పు చేసింది, మాఫ్ కర్" అనండి. మూడేళ్ల పిల్లాడికి మాఫీ అడిగితే మన ఇజ్జత్ ఏమీ పోదు.

మా దామాద్ సంగతి చెప్పి ఆపుతాను. ఆ రాత్రి నేనతన్ని పక్కకు పిలిచి "నువ్వేం చేయకు. కింద కూర్చో. పిలవకు, లాగకు, చాక్లెట్ చూపించకు" అన్నాను. మూడు రోజులు అతను చాప మీద కూర్చుని పాత మోటార్ విప్పుతూ బిగిస్తూ ఉన్నాడు. నాలుగో రోజు పిల్లాడు ఒక స్క్రూ తెచ్చి అతని మోకాలి మీద పెట్టి ఉరికిపోయాడు. వారానికి చంకెక్కాడు. నెలకు తండ్రి లేకపోతే అన్నం ముట్టలేదు.

అప్పుడు అసలు ఝగ్డా మొదలైంది. తిరుగు ప్రయాణం రోజు దగ్గరపడింది. ఇంట్లో అందరిదీ ఒకటే సలహా: పిల్లాడు నిద్రపోయాక వెళ్లిపో. చూస్తే ఏడుస్తాడు. నేను అడ్డం పడ్డాను. "పొద్దున లేచి చూస్తే అబ్బా లేకపోతే, ఇక రాత్రుళ్లు నిద్రపోవడానికే భయపడతాడు. చెప్పి పో." నన్ను పత్థర్‌దిల్ అన్నారు. మా చెల్లె రెండు రోజులు మాట్లాడలేదు. దామాద్ మాత్రం విన్నాడు. మూడు రోజుల ముందు నుంచే పిల్లాడికి సూట్‌కేస్ చూపించాడు. విమానం, రియాద్, ఫోన్, మళ్లీ రావడం, అన్నీ చెప్పాడు. పోయేరోజు పట్టపగలు, అందరి ముందు, వాణ్ని ఎత్తుకుని వీధి చివరిదాకా నడిచాడు.

పిల్లాడు ఏడ్చాడు. ఊరంతా వినపడేట్టు ఏడ్చాడు. ఎవరో అలవాటుగా వాడి నోటి దగ్గరికి చెయ్యి తీసుకుపోయారు. మా అమ్మీ ఆ చేతిని పట్టుకుని పక్కకు తీసింది. "రోనే దో" అంది. ఏడవనివ్వండి.

ఆ రాత్రి అమ్మీ నా మంచం పక్కన కూర్చుని, అడగకుండానే చెప్పింది. నన్ను నానీ దగ్గరికి పంపిన రోజు నేను నిద్రలో ఉన్నానట. నిద్రలోనే బస్సెక్కించారట. లేస్తే ఏడుస్తానని. "సబ్ లోగా బోలే, బచ్చా హై, భూల్ జాతా" అంది. నాకేం చెప్పాలో తెలియలేదు. "ఆప్ సో జావ్ అమ్మీ" అన్నాను. మళ్లీ ఆప్ అనే వచ్చింది. యాభై ఏళ్ల ఆదత్ ఒక్క రాత్రిలో పోదు. కానీ ఆమె పోలేదు. నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు అక్కడే కూర్చుంది. నేనూ పొమ్మనలేదు.

పిల్లాడు ఇప్పుడు రోజూ ఫోన్‌లో తండ్రిని చూస్తాడు. "అబ్బా ఇస్మే" అనడం మానేశాడు. "అబ్బా రియాద్ మే, ఫిర్ ఆతే" అంటున్నాడు. ఈ 'ఫిర్ ఆతే' అనే భరోసా ఉందే, మనం మన పిల్లలకు ఇచ్చి పోగలిగే జాయదాద్ అదే. చేను లేనివాళ్లు, ఇల్లు లేనివాళ్లు కూడా ఇవ్వగలిగేది.